గెడ్డ ఇవతలి వంకాయలు

మంగళవారం పొద్దున్న రాజకుమారి డ్రమ్ములో నీళ్ళు పోసి కర్రతో మందు కలుపుతోంది. సీసా మూత తీయకముందే కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుంది. అయినా ఆ ఘాటు గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. పక్కన ఆమె మొగుడు నరసింగరావు స్ప్రేయర్ ట్యాంకు వీపుకి తగిలించుకుని, పట్టీలు బిగిస్తున్నాడు.

"జిగురేసినావా?" అన్నాడు.

"ఏసినాను."

"ఇంకో మూతెయ్యి. మబ్బు సూడు ఎలగున్నాదో. వానొస్తే మందంతా కారిపోతాది."

రాజకుమారి ఇంకో మూత వేసింది. మందు కాయకి అంటుకుపోయి, వాన పడ్డా వదలకుండా ఉండడానికి ఆ జిగురు. తోటలో నాలుగు కాయలకి ఒకటి పుచ్చు. పైకి నున్నగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపల పురుగు. పుచ్చుకాయ కనిపిస్తే కమీషన్ కొట్టు ధర్మేంద్ర ట్రే మొత్తం వెనక్కి తోసేస్తాడు. అతని లారీ బుధవారం ఒడిశాలోని కటకం వెళుతుంది. ఆ లారీ తప్పితే మళ్ళీ వారం దాకా లేదు. వారానికి కాయలు ముదిరి గింజ కట్టేస్తాయి.

సీసా మీద విషమని చెప్పే పసుపు రంగు ముక్కోణం, దాని కింద చీమ తలకాయలంత అక్షరాలు. రాజకుమారి ఏడో తరగతి చదివింది. ఆ అక్షరాల్లో ఒక వరుస ఆమెకి చూడకుండానే వచ్చు. మందు కొట్టిన తరువాత ఏడు రోజుల వరకు కాయలు కోయరాదు. సీసాని అక్షరాలు అటువైపు ఉండేలా గట్టు మీద పెట్టి, బిందెతో మందునీళ్ళు ట్యాంకులో పోసింది.

బుధవారం తెల్లారకముందే ఇద్దరూ కోతకి దిగారు. తొడిమ దగ్గర కొడవలిమొన పెట్టి తెంపడం, కొంగుతో తుడవడం, ట్రేలో పేర్చడం. కొన్ని కాయల మీద తెల్లటి మరక ఎండిపోయి ఉంది. దాన్ని గట్టిగా తుడిస్తే పోతుంది. తుడిచిన కొంగుని తరవాత బావి దగ్గర సబ్బుపెట్టి రెండుసార్లు ఉతుక్కుంది. పది ట్రేలయ్యాయి. ట్రేల మీద నీలం రంగుతో 'నరసింగ్' అని రాసి ఉంటుంది. ట్రాలీ ఆటోలో అవి నెల్లిమర్లలోని ధర్మేంద్ర కొట్టు వైపు వెళ్ళిపోతుంటే ఎప్పట్లాగే రాజకుమారికి మనసు తేలికపడింది. అవి ఇక తన కాయలు కావు. ఎక్కడో దిగుతాయి, ఎవరో కొంటారు. ఆ ఎవరికీ ముఖం లేదు.

మధ్యాహ్నం మొదలైన వాన గురువారం పొద్దుటిదాకా తెరిపివ్వలేదు.

గురువారం పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఆడబిడ్డ దాలమ్మ. గెడ్డ అనే వాగుకి అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఆవిడ వంటమనిషి. రాజకుమారి కూతురు లిఖిత ఆ హాస్టల్లోనే ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది.

"ఒలే రాజకుమారీ, మీ వంకాయలే ఈయేళ మా వంట!" దాలమ్మ గొంతు నిండా సంబరం.

రాజకుమారికి అర్థం కాలేదు. "మావేటి వదినా? మావి కటకం ఎల్లిపోనాయి కదా."

"ఎక్కడెల్లినాయి? రోడ్డు తెగిపోనాదంట. ధర్మేంద్ర లారీ కదల్నేదు. మా కూరల వేనూ ఎక్కడో నీళ్ళల్లో ఆగిపోనాది. మేడమ్ ధర్మేంద్రకి ఫోన్ సేసింది. పొద్దున్నే తెచ్చి దింపినాడు. ట్రేల మీద నరసింగ్ అని సూసి నానే మేడమ్‌కి సెప్పినాను, మా తమ్ముడి తోటవేనమ్మా అని. మేడమ్ ఏటన్నాదో తెలుసా?"

"ఏటన్నాది?"

"పిల్లలందర్నీ నిలబెట్టి సెప్పింది. రోజూ మనకి కూర ఐదారొందల కిలోమీటర్ల నుంచి వస్తాదంట. దారంతా డీజిలు పొగ, ఐసు, ప్లాస్టిక్ సంచులు. సగం కుళ్ళిపోయి పారబోతకే పోతాది. ఈయేళ కూర నాలుగు కిలోమీటర్ల నుంచి వొచ్చింది, మన లిఖిత వాళ్ళమ్మానాన్న పండించినారు, ఇలగ తింటే నేలకీ మంచిది, గాలికీ మంచిది అని. నీ కూతురికి అందరూ సప్పట్లు కొట్టినారే!"

రాజకుమారి అరుగు మీద కూర్చుండిపోయింది. చూరు నుంచి కారుతున్న నీళ్ళు ఆమె పాదాల మీద పడుతున్నాయి. పాదాలు వెనక్కి తీసుకోవాలని తోచలేదు.

"వండేసినారేటి?"

"కోస్తన్నాం ఇంకా. నాలుగు ట్రేలు తీసినాం. ఒంటిగంటకి బెల్లు కొడతారు."

"వదినా." ఫోన్ చెవికి అదుముకుంది. "మా లిఖితకి ఆ కూర పెట్టకు."

"ఏటే?"

"దానికి వంకాయ పడదు. దురదలొస్తాయి. డాట్రు సెప్పినాడు."

"ఎప్పుడు సెప్పినాడు? మొన్న దసరాకి గుత్తొంకాయ తిన్నాది కదా."

"ఆ తరవాతే. పెట్టకు వదినా. నీకు దణ్ణం పెడతాను."

"సర్లే, పప్పుతో పెడతాలే," అని దాలమ్మ ఫోన్ పెట్టేసింది.

రాజకుమారి ఫోన్ ఒడిలో పెట్టుకుంది. పిల్ల తినదు, గండం గడిచింది అనుకోబోయింది. కాని గుండె దడ తగ్గలేదు. హాస్టల్లో పిల్లలు ఎంతమంది? రెండువందల నలభై అని లిఖిత చెప్పింది. వాళ్ళల్లో మహతి ఒకతి. దసరా సెలవుల్లో లిఖితతో పాటు వచ్చి రెండు రోజులుంది. సన్నగా రివటలా ఉంటుంది. అన్నం తినేటప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ నాక్కుంటుంది. ఆ పిల్ల ముఖం కళ్ళముందు నిలబడింది. కదలమంటే కదలడం లేదు.

ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి స్విచాఫ్ అని వచ్చింది. మేడమ్ నెంబరు ఆమె దగ్గర లేదు.

నరసింగరావు పశువులశాల లోంచి గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చాడు. ఆమె చెప్పింది. అతని ముఖం ఒక్కక్షణం తెల్లబోయింది. వెంటనే కోపం తెచ్చుకున్నాడు.

"అయితే ఏటంతావు? ఊరంతా కొడతన్నారు, ఊరంతా అమ్ముతన్నారు. కడుగుతారు, ఉడకేస్తారు. ఏటీ అవదు. కటకం వోళ్ళు ఇన్నాళ్ళూ సచ్చిపోనారేటి?"

"ఏమో. అక్కడ ఏటైనా అయితే మనకెవులు సెప్తారు?"

"నోరు ముయ్యి. ఎవులితోనైనా అన్నావంటే పోలీసులొస్తారు. మన బతుకు బస్టాండే."

రాజకుమారి లేచింది. గోడ గూట్లో ఉన్న మందు సీసా గుడ్డసంచిలో వేసుకుంది. "ఎక్కడికే?" అని అతను అరుస్తూనే ఉన్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది.

గెడ్డ పొంగి ఉంది. రెండు ఊళ్ళకీ మధ్య ఉన్న కల్వర్టు కనిపించడం లేదు. దాని మీదుగా ఎర్రటి నీళ్ళు చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ అప్పలసూరి అనే ముసలాయన కేకేశాడు. "ఎక్కడికమ్మా? మజ్జాన్నందాకా దాటకండని సెప్పినారు!"

"పిల్ల ఉన్నాది మావా, హాస్టల్లో."

"పిల్లకేటయినాది?"

ఆమె ఆయన చేతిలోని కర్ర తీసుకుంది. నీళ్ళు ముందు మడమలకి, తరవాత మోకాలికి వచ్చాయి. కర్రతో ముందు అడుగు తడిమి, సిమెంటు తగిలాక కాలు వేస్తోంది. మధ్యకొచ్చేసరికి నీటి వడి కాళ్ళని పక్కకి లాగింది. ఒక కొమ్మ వచ్చి పిక్కకి కొట్టుకుంది. ఆమె కదలకుండా నిలబడి కళ్ళు మూసుకుంది. ఇక్కడ కొట్టుకుపోతే బాగుణ్ణు, హాస్టల్ గేటు దాకా వెళ్ళక్కర్లేదు అనిపించింది. ఆ ఆలోచనకి ఇంకా భయం వేసి, సంచి నెత్తిన పెట్టుకుని కాలు ముందుకి వేసింది.

అవతలి గట్టు ఎక్కాక పరిగెత్తింది. బురదలో రెండుసార్లు పడింది. హాస్టల్ ప్రహరీ కనిపించేసరికి లోపల బెల్లు వినిపించింది.

గేటు దగ్గర వాచ్‌మన్ చినబాబు అడ్డం వచ్చాడు. "ఆదోరమే కదమ్మా పిల్లల్ని సూడ్డానికి. ఈయేళ పంపకూడదు." ఒళ్ళంతా బురద, నెత్తి మీద సంచి, ఆ మనిషిని చూసి అతను ఇంకో మాట అనేలోగానే ఆమె అతని చెయ్యి తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రేకుల షెడ్డులో పిల్లలు వరసలుగా కూర్చున్నారు. చిన్నతరగతుల వాళ్ళకి ముందు వడ్డించేశారు, వాళ్ళు తింటున్నారు. మధ్యవరసలో దాలమ్మ బకెట్ పట్టుకుని గరిటెతో కూర వేస్తోంది. వంకాయ, ఉల్లికారం, వేడి ఆవిరి. కమ్మటి వాసన.

రాజకుమారి వరసల మధ్య నుంచి వెళ్ళి బకెట్ పట్టుకుంది. గరిటె దాలమ్మ చేతిలోంచి జారి నేల మీద ఖంగుమంది.

"తినొద్దు," అంది రాజకుమారి. తరవాత ఇంకాస్త గట్టిగా, "ఆ కూర తినకండర్రా!"

రెండువందల నలభై ముఖాలు ఆమె వైపు తిరిగాయి. నోటి దగ్గరికి వెళ్ళిన చేతులు అక్కడే ఆగాయి. ఆ ముఖాల్లో ఆమె తన కూతుర్ని చూసింది. లిఖిత పళ్ళెంలో అన్నం, పప్పు. కూర లేదు. ఆమె పక్కనే మహతి కూర్చుని ఉంది. మహతి పళ్ళెంలో కూర సగం అయిపోయింది.

లిఖిత తల్లిని చూసింది. తన పళ్ళెం చూసుకుంది. మహతి పళ్ళెం చూసింది. మళ్ళీ తల్లిని చూసింది. పదమూడేళ్ళ పిల్ల. అర్థం చేసుకోవడానికి ఆ మూడు చూపులూ చాలు.

హాస్టల్ ప్రిన్సిపాల్ సంహిత మేడమ్ గబగబా వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. అరసవల్లి మనిషి. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడుతుంది. "ఏమైందమ్మా? లిఖిత వాళ్ళ అమ్మ కదా మీరు?"

రాజకుమారి సంచిలోంచి సీసా తీసి చూపించింది. "మంగళారం మందు కొట్టినాం మేడమ్. బుధారం కోసినాం. ఏడ్రోజులు ఆగాల. ఆగనేదు. కటకం ఎల్తాయనుకున్నాం."

మేడమ్ సీసా అందుకుని పసుపు ముక్కోణం చూసింది. అక్షరాలు చదవడానికి కళ్ళజోడు సర్దుకుంది. "మీరు తింటారా ఈ కాయలు?"

ఆ ప్రశ్న వస్తుందని రాజకుమారి అనుకోలేదు.

"మా ఇంటికి వేరేగా నాలుగు మొక్కలున్నాయి మేడమ్. బావి కాడ. వాటికి కొట్టం."

దాలమ్మ బకెట్ కింద పెట్టి, మరదలి ముఖంలోకి చూసింది. "నీ కూతురికి పెట్టొద్దన్నావు," అంది మెల్లిగా. "నా సేత్తో మిగతా వోళ్ళకి పెట్టించినావు." ఆ తరవాత ఆవిడ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

మేడమ్ తేరుకుంది. తిన్నవాళ్ళని లేపి నోళ్ళు పుక్కిలింపించింది. ఎవరెవరు కూర ముట్టుకున్నారో చేతులెత్తమంది. నలభై మూడు చేతులు లేచాయి. ఆరోగ్యకేంద్రానికి ఫోన్ చేసి సీసా మీది పేరు అక్షరం అక్షరం చదివి చెప్పింది. ఆ నలభై ముగ్గురినీ వరండాలో చాపల మీద కూర్చోబెట్టింది.

నర్సమ్మ అరగంటలో స్కూటీ మీద తడుస్తూ వచ్చింది. ఒక్కొక్క పిల్ల కంట్లో టార్చి వేసి చూసింది, నాడి పట్టుకుంది, డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది.

"కడిగారు, ఉడికించారు. చాలావరకు పోయి ఉండొచ్చు," అంది మేడమ్‌తో. "పోయిందని మాత్రం నేను చెప్పలేను. సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండాలి. చెమటలు పట్టినా, నోట్లో నీళ్ళూరినా, చూపు మసకేసినా నాకు వెంటనే చెప్పండి. అంబులెన్స్ గెడ్డ మీదుగా రాలేదు. పైరోడ్డు చుట్టూ తిరిగి రమ్మన్నాను."

ఆ మధ్యాహ్నం గడవలేదు. రాజకుమారి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమెకీ కూర్చోవాలని లేదు. వరస మొదటి నుంచి చివరికి ముఖాలు చూస్తోంది. చివరికి వచ్చేసరికి మొదటి పిల్ల రంగు మారిందేమోనని భయం. మళ్ళీ మొదటికి వచ్చేది. ఒక పిల్ల దగ్గితే ప్రాణం పోయేది. ఒక పిల్ల ఆవలిస్తే, నిద్రా, మత్తా అని మెడ చాచి చూసేది. ఆరేళ్ళుగా ట్రేలు ఎత్తి పంపింది. ఆ కాయలు తిన్నవాళ్ళకి నుదుళ్ళూ కళ్ళూ ముక్కు కింద సన్నటి చెమటా ఉంటాయని ఏనాడూ ఊహించలేదు. ఇప్పుడు ఎవర్ని చూసినా చెమటే కనిపిస్తోంది.

మూడు కాబోతుండగా మహతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది. రెండడుగులు వేసి, మెట్ల మీద కక్కేసింది.

వరండా అంతా లేచిపోయింది. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి మహతిని పడుకోబెట్టి కళ్ళు చూసింది, ఛాతీకి గొట్టం పెట్టింది. రాజకుమారి స్తంభం పట్టుకుని కిందికి జారిపోయింది. నోట్లో పైడితల్లి అమ్మవారి పేరు తప్ప ఇంకో మాట లేదు.

లిఖిత వచ్చి మహతి తల తన ఒళ్ళో పెట్టుకుంది. తడిగుడ్డతో నోరు తుడిచింది. తల్లివైపు తిరక్కుండానే అడిగింది. "నన్నొక్కదాన్నే ఎందుకమ్మా తిననివ్వనేదు?"

రాజకుమారి కూతురి దగ్గరికి జరిగింది.

"అందరూ తింటుంటే నాకు పెట్టనేదని అత్త మీద కోపమొచ్చింది. అమ్మ తోటది కదా, నాకే పెట్టరేటి అని." లిఖిత గుడ్డ మళ్ళీ తడిపింది. "మహతి తన కూర సగం ఇస్తానన్నాది నాకు."

నర్సమ్మ గొట్టం తీసి ఊపిరి వదిలింది. "కళ్ళు బాగున్నాయి. నాడి బాగుంది. చెమట లేదు. భయానికి కక్కింది. అయినా ఈ పిల్ల నా పక్కనే ఉంటుంది."

ఐదున్నరకి వాన తగ్గింది. అంబులెన్సులో వచ్చిన డాక్టరు నలభై ముగ్గురినీ మళ్ళీ చూశాడు. ఎవరికీ ఏమీ కాలేదు, పొద్దున్న ఇంకోసారి చూస్తానని చెప్పాడు. పిల్లలకి గంజి, మజ్జిగ ఇచ్చారు. మహతి రెండు గ్లాసులు తాగింది. రాజకుమారి ఆ గ్లాసులు ఖాళీ అవడం దూరం నుంచి చూసింది. గుండె మాత్రం దారికి రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదన్న మాట చెవిలోకి వెళుతోంది కాని లోపలికి దిగడం లేదు.

మేడమ్ తన గదిలోకి పిలిచింది. పోలీసులు ఉంటారనుకుంటూ వెళ్ళింది రాజకుమారి. గదిలో మేడమ్ ఒక్కతే ఉంది, ముందు కాగితం.

"జరిగింది జరిగినట్టు పైవాళ్ళకి రాస్తున్నాను," అంది. "మీ పేరు రాయకుండా కుదరదు. నా పేరు కూడా ఉంటుంది. ఎక్కడ, ఎలా పండాయో అడక్కుండా పిల్లలకి వండించాను. దగ్గర పంట అన్నాను, అంతే చాలనుకున్నాను."

"రాయండి మేడమ్."

మేడమ్ కలం మూసింది. "ఒక్క మాట అడుగుతాను. ఆ కూరల వ్యాను ఆరేళ్ళుగా వస్తోంది. రోజూ వండుతున్నాం, రోజూ తింటున్నాం. ఆ కూరలకి ఏం కొట్టారో, ఎప్పుడు కొట్టారో చెప్పడానికి ఎవరైనా ఇన్నేళ్ళలో పరిగెత్తుకుంటూ వచ్చారా?"

రాజకుమారి తల ఎత్తింది.

"ఎలా వస్తారు? ఇక్కడ తినేది ఎవరో వాళ్ళకి తెలియదు." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఈ రోజు పడ్డ భయం ఆరేళ్ళ కింద పడాల్సిందమ్మా."

ఆ రాత్రి రాజకుమారి హాస్టల్ వరండాలోనే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్న డాక్టరు వచ్చి వెళ్ళాక ధర్మేంద్ర ఆటో తెచ్చాడు. రోడ్డు బాగుచేశారు, లారీ బయలుదేరుతోంది. వంటకి తీయని ఆరు ట్రేలు స్టోరుగది ముందు అలాగే ఉన్నాయి.

"ఎంత పని సేసినావమ్మా," అన్నాడు రాజకుమారితో. "సరే, జరిగిందేదో జరిగింది. ఈ ఆరూ ఎక్కించేద్దాం. కాయ ఇంకా నిగనిగలాడతానే ఉన్నాది. కటకంలో నిన్నెవులెరుగుదురు?"

అతను ఒక ట్రే పట్టుకున్నాడు. రాజకుమారి ఆ ట్రే రెండో అంచు పట్టుకుంది. లాగలేదు, అరవలేదు. పట్టుకుని అలాగే నిలబడింది.

"ఒగ్గీ ధర్మేంద్రా."

"ఎర్రిదానివేటి? పారబోస్తావా?"

"ఒగ్గీమన్నాను కదా."

అతను ఆమె ముఖం చూసి చెయ్యి తీసేశాడు. ఇక మీదట మీ సరుకు ఎత్తనని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళిపోయాడు.

పారబోయడం అనుకున్నంత సులువు కాలేదు. గోడ అవతల వేద్దామంటే అక్కడ మేకలు మేస్తున్నాయి. గెడ్డలో వేద్దామంటే దిగువన పిల్లలు వల వేసి చేపలు పడుతున్నారు. చెత్తకుప్ప మీద వేస్తే ఆవులు తింటాయి. ఆమె ట్రే ఎత్తుకుని నాలుగు దిక్కులా తిరిగింది. ఎటు చూసినా ఏదో ఒక నోరు కనిపిస్తోంది. మొన్న తోటలో పిచికారీ చేసినప్పుడు జారిన మందునీళ్ళు కాలవలోకి పోవడం తాను చూసింది. అప్పుడు చూసి ఊరుకుంది.

గేటు దగ్గర నరసింగరావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రావడానికి జంకుతూ చినబాబుని అడుగుతున్నాడు. "పిల్లలందరూ బాగున్నారా? నిజం సెప్పు, అందరూ బాగున్నారా?"

చినబాబు తల ఊపాక అతను గోడకి ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. రాజకుమారి చేతిలో ట్రే చూశాడు. వాచ్‌మన్ గదిలోంచి గునపం, పార తెచ్చి, ప్రహరీ వెనక బావికీ కాలవకీ దూరంగా మెరక మీద గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. నడుం లోతు తవ్వాడు. ఇద్దరూ కలిసి ఆరు ట్రేలూ దాంట్లో వంపారు. నిగనిగలాడే కాయల మీద మట్టి పడుతుంటే నరసింగరావు ఒక్కసారి ఆగాడు.

"పురుగు కొట్టేస్తాది రాజీ, ఇకమీద. సగం పంట ఉండదు."

"ఉన్న సగం సాలు."

"కొనేవోడేడీ?"

ఆమె పార అందుకుని మట్టి లాగింది. ఆ భయం కూడా నిజమైనదే.

తరవాతి రోజులన్నీ ఇద్దరూ తోటలోనే ఉన్నారు. పురుగు పట్టి వాలిన కొమ్మ చివర్లు ఒక్కొక్కటీ తుంచి గోనెసంచిలో వేసి కాల్చారు. వేపగింజలు దంచి, రాత్రంతా నానబెట్టి, ఆ కషాయం వడకట్టి కొట్టారు. చేతులు చేదెక్కాయి. పక్క తోట గంగులు గట్టు మీద నిలబడి నవ్వాడు. ఆ నవ్వుకి నరసింగరావు ఇంటికొచ్చాక రెండుసార్లు, గూట్లో ముందే కొనిపెట్టిన కొత్త మందు సీసా వైపు చూశాడు. రెండుసార్లూ రాజకుమారి అతన్నే చూస్తూ నిలబడింది.

పన్నెండో రోజున మేడమ్ కబురు పెట్టింది. వారానికి ఒక్కరోజు దగ్గరి ఊళ్ళ కూరలు కొనడానికి అనుమతి వచ్చింది. షరతు ఒకటి ఉంది, అది మేడమ్ సొంత షరతు. పండించినవాళ్ళే తేవాలి. తెచ్చినవాళ్ళు పిల్లలతో పాటు కూర్చుని, ముందు వాళ్ళే తినాలి.

మూడు ట్రేలు పట్టుకుని వెళ్ళింది రాజకుమారి. వంటగది గోడకి కొత్త నల్లబోర్డు కట్టారు. సుద్దముక్క ఆమెకే ఇచ్చారు. ఊరి పేరు రాసింది, తన పేరు రాసింది. ఆఖరుసారి మందు కొట్టిన రోజు అన్నచోట తేదీ రాసేటప్పుడు సుద్ద విరిగింది. మళ్ళీ రాసింది. దాలమ్మ మాట్లాడకుండా కాయలు తీసుకుని, ఒక్కొక్కటీ కోసి, పుచ్చిన ముక్క పక్కన పడేసి, మంచి ముక్క నీళ్ళలో వేసింది.

బెల్లు కొట్టారు. షెడ్డులో మధ్యవరసలో ఆమెకి చోటు చూపించారు. ఎదురుగా మహతి, మహతి పక్కన లిఖిత. ఇన్ని రోజుల్లోనూ లిఖిత ఫోన్లో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అన్నం వడ్డించారు, కూర వేశారు. ఎవరూ ముట్టుకోలేదు. రెండువందల నలభై మంది ఆమె చేతినే చూస్తున్నారు.

ముద్ద కలిపింది. మందు కొట్టి రెండు వారాలు దాటింది, మళ్ళీ ఒక్క చుక్క కొట్టలేదు, ఆమెకి తెలుసు. తెలిసినా భయం వేసింది. గంగులు తోట నుంచి గాలికి ఏమైనా వచ్చి పడిందా? నేలలో పాతది ఏమైనా మిగిలిందా? ఇక ముందు ఏ ముద్దా ఈ లెక్క వేసుకోకుండా తినలేదేమో. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"ఎలాగుందత్తా?" అంది మహతి. కళ్ళు రెప్ప వెయ్యడం లేదు.

రాజకుమారి ఇంకో ముద్ద తిన్నది. ఆలోచించింది. ఇక్కడ ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదని అనిపించింది.

"ఉప్పు తక్కువయినాది," అంది.

"ఏటీ?" వెనకనుంచి దాలమ్మ గొంతు లేచింది. ఇన్నాళ్ళ తరవాత మరదలితో మొదటి మాట. "నాను వండిన కూరకి ఉప్పు తక్కువేటి? ఏదీ, సూడనీ!"

ఆవిడ గరిటెతోనే చేతిలో వేసుకుని నాకి చూసింది. ముఖం ముడిచింది. "తక్కువే," అని ఒప్పుకుని ఉప్పుడబ్బా కోసం వెళ్ళింది. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

లిఖిత నవ్వలేదు. తన పళ్ళెంలో కూర వైపు చూసింది. అన్నంలో కలుపుకుంది. ముద్ద చేసి, మహతి కంటే ముందు తానే నోట్లో పెట్టుకుంది. తరవాత మహతి తిన్నది.